బొగ్గు కాల్చిన చేతులు: ముడిరాయి ఇనుముగా మారిన చరిత్ర

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో పత్తి వేసినా, మిరప నాటినా, ముందుగా భూమిలోకి దిగేది ఇనుమే. నాగటి కర్రు, గుంటక, పార, కొడవలి, ఇప్పటి ట్రాక్టరు నాగలి, అన్నీ ఇనుమే. యానాది చేతిలో గడ్డపలుగు, ఎరుకల ఇంట్లో వెదురు చీల్చే కత్తి, సుగాలీ తండాలో గొడ్డలి, నల్లమల చెంచు బాణానికి ములికి, ఇవీ ఇనుమే. మన బతుకులో ఇనుము లేని రోజు లేదు.

కానీ ఈ ఇనుము ఎక్కడిదని బడిలో అడిగితే పిల్లలు చెప్పే జవాబు రెండే. "కొట్లో కొన్నాం" అంటారు, లేదా "విశాఖ ఫ్యాక్టరీలో చేస్తారు" అంటారు. అది నేటి సంగతి. రెండు వందల ఏళ్ల కిందటి దాకా తెలుగు నేలలో చాలాచోట్ల ఊరి పక్క కొండ నుంచి రాయి తెచ్చి, అడవి కర్రతో బొగ్గు చేసి, మట్టి బట్టీలో ఇనుము తీశారు. ఆ పనిలో కమ్మరి సమ్మెట దెబ్బ ఆఖరిది. దానికి ముందు మూడు పనులున్నాయి: రాయి ఏరడం, బొగ్గు కాల్చడం, తిత్తి ఊదడం. ఆఖరి పనికి చరిత్రలో కులం పేరు, వృత్తి పేరు మిగిలాయి. ముందు పనులు చేసిన చేతుల పేర్లు మిగల్లేదు. ఆ చేతుల గురించి మన పిల్లలకు చెప్పాలనే ఈ వ్యాసం.

మన కొండల్లో రాయి

ఒంగోలు చుట్టుపక్కల కొణిజేడు, మర్లపాడు ప్రాంతాల కొండల్లో మాగ్నటైటు అనే ముడిఖనిజం ఉంది. అది పొరలు పొరలుగా పలుగురాయితో కలిసి ఉంటుంది. ఒక పొర నల్లగా, బరువుగా, అయస్కాంతానికి అంటుకునేలా ఉంటుంది. పక్క పొర తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. మొత్తం రాయిలో ఇనుము పాలు మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో దొరికే మేలిరకం హెమటైటులో అది అరవై శాతం దాటుతుంది. అందుకే నేటి పెద్ద ఫ్యాక్టరీల లెక్కలో మన ఒంగోలు రాయి పేదరాయి.

పాతకాలపు బట్టీకి ఈ పేదరికం అంత అడ్డు కాదు. రాయిని పొడిగొట్టి, నీళ్లలో కడిగితే తేలిక రాయి కొట్టుకుపోతుంది, బరువైన నల్ల రవ్వ అడుగున మిగులుతుంది. వాన కూడా ఇదే పని చేస్తుంది. కొండ రాయి అరిగి, వాగులో కొట్టుకొచ్చి, ఒంపుల దగ్గర నల్ల ఇసుకగా చేరుతుంది. అలాంటి వాగు ఇసుకలో అయస్కాంతం తిప్పి చూడండి, మీసాల్లా నల్ల రవ్వలు అంటుకుంటాయి. తెలంగాణలోనూ, దక్షిణాదిలో మరికొన్ని చోట్లా ఇలాంటి నల్ల ఇసుకనే ఏరి కడిగి ఇనుము తీశారు. ఏ వాగులో ఏ వానకు ఏ ఒంపులో ఇసుక చేరుతుందో తెలియాలంటే పుస్తకం చాలదు, ఆ వాగు వెంట నడిచిన కాళ్లు కావాలి.

ఇనుము ఈ నేలకు కొత్త కాదు. దక్షిణాదిలో క్రీస్తు పూర్వం 1000 నాటికే ఇనుము వాడుకలో ఉంది. మాచర్ల దగ్గరి నాగార్జునకొండ లోయ ప్రాజెక్టు నీళ్లలో మునగక ముందు, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. బౌద్ధ కట్టడాలతో పాటు, అంతకంటే పాతవైన పెద్దరాతి సమాధులు కూడా అక్కడ బయటపడ్డాయి. దక్షిణాదిలో ఇలాంటి సమాధుల్లో చనిపోయినవారి పక్కన గొడ్డళ్లు, ఈటె మొనలు, బాణపు ములుకులు దొరుకుతాయి. మన ఊళ్లలో వాటిని రాకాసి గుళ్లు అంటారు. అంత బరువు రాళ్లు మనుషులు ఎత్తలేరనుకుని రాకాసులకు అంటగట్టారు. ఎత్తింది మనుషులే. పక్కన పెట్టిన గొడ్డలి చేసిందీ మనుషులే.

బట్టీలో ఏం జరుగుతుంది

ముడిఖనిజంలో ఇనుము ఒంటరిగా ఉండదు, ఆక్సిజన్‌తో పెనవేసుకుని ఉంటుంది. హెమటైటులో రెండు ఇనుప పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు. మాగ్నటైటులో మూడు ఇనుప పరమాణువులకు నాలుగు. ఇనుము తీయడం అంటే ఈ ఆక్సిజన్‌ను విడదీయడం. పాఠ్యపుస్తకంలో దీన్ని క్షయకరణం అంటారు.

పాత బట్టీ మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా మట్టితో కట్టిన గొట్టం లాంటిది. ఎండాక లోపల నిప్పు వేసి వేడెక్కిస్తారు. పైనుంచి ఒక వరస బొగ్గు, ఒక వరస రాతిపొడి వేస్తూ పోతారు. కింద మట్టి గొట్టాల గుండా తోలు తిత్తులతో గాలి ఊదుతారు. గాలిలోని ఆక్సిజన్ బొగ్గుతో కలిసి మండి ముందు కార్బన్ డయాక్సైడు అవుతుంది. అది పైకి పోతూ ఎర్రగా కాలుతున్న బొగ్గును తాకి కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఈ వాయువుకు ఆక్సిజన్ ఆకలి ఎక్కువ. రాతిలోని ఆక్సిజన్‌ను లాక్కుని మళ్లీ కార్బన్ డయాక్సైడుగా మారి బట్టీ మూతి నుంచి పోతుంది. రాతిలో ఇనుము మిగులుతుంది.

ఇక్కడ ఒక సంగతి పిల్లలకు తప్పక చెప్పాలి. ఈ బట్టీలో ఇనుము కరగదు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. తిత్తి బట్టీలో వేడి 1200 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఆ వేడికి కరిగేది రాతిలోని మలినం. అది కొంత ఇనుప ఆక్సైడునూ కలుపుకుని నల్లని పాకంలా కిందికి కారుతుంది. చల్లారితే బుడగలు బుడగలుగా, గాజు మెరుపుతో గట్టిపడుతుంది. అదే చిట్టెం, పాఠ్యపుస్తకంలో లోహమలం. ఇనుము మాత్రం స్పంజిలాంటి ముద్దగా అడుగున చేరుతుంది. బట్టీ పగలగొట్టి, ఎర్రగా ఉండగానే ఆ ముద్దను బయటికి లాగి, సమ్మెటలతో కొడతారు. కొట్టేకొద్దీ లోపల చిక్కుకున్న చిట్టెం బయటికి వస్తుంది. మళ్లీ కాల్చి, మళ్లీ కొట్టి కడ్డీ చేస్తారు. అది చేత ఇనుము. కర్రుకూ, గొడ్డలికీ పనికొచ్చే మెత్తని, సాగే ఇనుము.

నేటి బ్లాస్ట్ కొలిమిలోనూ రసాయన క్రియ ఇదే. తేడా అల్లా పరిమాణంలో, వేడిలో, బొగ్గులో ఉంది. అక్కడ కర్రబొగ్గుకు బదులు కోక్, మలినాన్ని కరిగించడానికి సున్నపురాయి, తిత్తికి బదులు వేడిగాలి యంత్రాలు. వేడి ఎక్కువ కాబట్టి ఇనుము బొగ్గులోని కర్బనాన్ని నాలుగు శాతం దాకా పీల్చుకుని ద్రవంగా కారుతుంది. అంత కర్బనం ఉంటే పెళుసు. తర్వాత కర్బనం తగ్గిస్తే ఉక్కు అవుతుంది.

ఇనుము తిన్న అడవి

మట్టి బట్టీలో ఒక కిలో మంచి ఇనుము రావాలంటే పది కిలోల దాకా బొగ్గు కాలేది. మట్టి కప్పిన బట్టీలో ఒక కిలో బొగ్గు రావాలంటే ఐదారు కిలోల కర్ర కావాలి. ఈ లెక్కన ఒక కిలో ఇనుము వెనుక యాభై, అరవై కిలోల కర్ర ఉంది. ఒక నాగటి కర్రు వెనుక ఒక చెట్టు ఉంది. ఇనుము తయారీలో రాయి మోసిన చేతుల కంటే కర్ర కొట్టి, పేర్చి, బొగ్గు చేసిన చేతులే ఎక్కువగా ఉండి తీరాలి.

బొగ్గు కాల్చడం తేలిక పని అనుకునేవాళ్లు ఒకసారి బట్టీ దగ్గర రెండు రాత్రులు కూర్చోవాలి. కర్రలను సందు లేకుండా పేర్చాలి. ఆకు, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తాలి. అడుగున చిన్న కంతలు వదలాలి. నిప్పు పెట్టాక పొగ రంగు చూస్తూ ఉండాలి. మొదట దట్టమైన తెల్లపొగ వస్తే కర్రలో తడి పోతోందని గుర్తు. పొగ పలచబడి నీలంగా మారితే బొగ్గు అయిందని గుర్తు. అప్పుడు కంతలన్నీ మూసేయాలి. ఆలస్యమైతే మిగిలేది బూడిదే. మట్టి ఎక్కడ పగిలినా గాలి దూరి సరుకంతా మండిపోతుంది.

బొగ్గు బట్టీలో గాలిని ఆపాలి, ఇనుప బట్టీలో గాలిని ఊదాలి. ఈ రెండు విద్యలు కలిస్తేనే ఇనుము. రాతి నుంచి ఆక్సిజన్ లాగే కార్బన్ మోనాక్సైడే బొగ్గు బట్టీ దగ్గర పనిచేసేవాళ్లకు తలనొప్పి, కళ్లు తిరగడం తెచ్చేది కూడా. రంగు లేదు, వాసన లేదు. మన పెద్దలు దాని పేరు తెలియకపోయినా, గాలి వాలు చూసి పైగాలి పక్కన నిలబడాలని పిల్లలకు నేర్పారు.

రమణక్కపేట, కోనసముద్రం

కృష్ణకు అవతల, నూజివీడు దగ్గర రమణక్కపేట అనే ఊరుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న జర్మన్ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ 1795లో ఆ ఊరికి వెళ్లి, అక్కడ ఇనుము తీసే తీరును రాశాడు. తర్వాత 1814లో లండన్‌లో అచ్చయిన అతని పుస్తకంలో ఆ రాత చేరింది. అంతకు ముందటి పెద్ద కరువుకు మునుపు ఆ ఒక్క ఊళ్లోనే 40 ఇనుప బట్టీలు ఉండేవని, పనివాళ్లు కలిగినవాళ్లుగా ఉండేవారని, కరువు తర్వాత బతికి మిగిలినవాళ్లు పేదరికంలో పడ్డారని అతను రాశాడు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. ఒక విద్య పోవడానికి అది పనికిరానిది కానక్కర్లేదు. ఒక కరువులో దాన్ని తెలిసినవాళ్లు చనిపోతే చాలు. తిత్తి ఊదే లయ, పొగ రంగు, ముద్ద లాగే అదను, ఇవి కాగితం మీద లేవు, ఒంట్లో ఉన్నాయి. ఆ ఒళ్లు పోతే అవీ పోతాయి. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువులో ఎన్ని విద్యలు అలా మట్టిలో కలిశాయో ఊహించుకోవచ్చు.

తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం కథ ఇంకా దూరం వెళ్లింది. అక్కడ చేత ఇనుమును చిన్న మట్టి మూసల్లో పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి కాల్చి మేలిమి ఉక్కు ముద్దలు చేసేవారు. 1820లలో హెచ్.డబ్ల్యు. వాయ్‌సీ అనే సర్వే శాఖ భూగర్భ శాస్త్రవేత్త ఈ పని చూసి వివరంగా రాశాడు. ఆ ఉక్కు కొనడానికి పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా లోకమంతా మెచ్చినవాటికి ఇలాంటి దక్షిణ దేశపు ఉక్కే ముడిసరుకు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఊట్జ్ అన్నారు. మన ఉక్కు అనే మాటే అలా మారిందని పండితుల అభిప్రాయం. మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త 1819 నుంచి కొన్నేళ్లు ఈ ఉక్కును పరీక్షిస్తూ గడిపాడు.

ఫారడే పేరు పుస్తకంలో ఉంది. కోనసముద్రంలో మూస మెత్తిన మనిషి పేరు లేదు. బొగ్గు మోసిన ఆడమనిషి పేరు అసలే లేదు.

కొలుములు ఎందుకు ఆరిపోయాయి

కరువు ఒక దెబ్బ. దాని మీద ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి.

ఒకటి, ఇంగ్లండు ఇనుము. అక్కడ పెద్ద కొలుముల్లో కోక్‌తో తీసిన ఇనుము ఓడల్లో మద్రాసు రేవుకు వచ్చింది. తర్వాత రైళ్లు దాన్ని లోపలి ఊళ్లకు చేర్చాయి. ఒక మనిషి రోజంతా తిత్తి ఊది తీసే ముద్ద కంటే బజారు కడ్డీ చవకయింది. కమ్మరి బజారు కడ్డీ కొని పని సాగించాడు. రాయి ఏరేవాడికి, బొగ్గు కాల్చేవాడికి పని లేకుండా పోయింది. అదే రైలు పెరికలెడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసిన లంబాడీల, ఎరుకల వ్యాపారాన్నీ దెబ్బతీసింది. బతుకు పోయి తిరుగుతున్నవాళ్ల మీద నేరస్థ జాతుల చట్టం ముద్ర వేశారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చరిత్రకు గుర్తు.

రెండు, అడవి చట్టం. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవులను రిజర్వు చేశారు. కర్ర కొట్టడం, నిప్పు పెట్టడం, బొగ్గు కాల్చడం అనుమతి లేకుండా చేస్తే నేరమైంది. బొగ్గు లేనిదే బట్టీ లేదు. నిన్నటి దాకా వృత్తి అయిన పని, ఒక్క కాగితంతో దొంగతనం అయింది.

మన వాటా

ఇనుము మన జాతులే కనిపెట్టాయని చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. ఆధారం లేని గొప్ప మన పిల్లలకు మేలు చేయదు. ఆధారం ఉన్నదే చాలినంత ఉంది. మధ్య భారతంలో అగారియాలు తరతరాలుగా ఇనుము తీసిన ఆదివాసులు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద పుస్తకమే రాశాడు. జార్ఖండ్‌లో అసుర్ తెగ వృత్తి కూడా అదే. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర పేరుతో ఒక తెగ ఉంది. ఇనుప పని అడవికి బయటి విద్య అనుకోవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఈ మూడు పేర్లు చాలు.

చెంచులు ఇనుము తీయలేదు. వాళ్ల మధ్య ఉండి 1943లో పుస్తకం అచ్చువేసిన హైమెండార్ఫ్, మైదానపు కమ్మరుల నుంచి వాళ్లు ములుకులు, గొడ్డళ్లు, గడ్డలు తవ్వే కర్రకు ఇనుప మొనలు తెచ్చుకునేవారని రాశాడు. అంటే అడవికీ కొలిమికీ మధ్య ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. తేనె, కర్ర, చర్మం ఇటు నుంచి వెళ్లాయి, ఇనుము అటు నుంచి వచ్చింది.

మరి బొగ్గు? ఈ రోజుకూ మన మైదానంలో బొగ్గు కాల్చేవాళ్లలో యానాదులే కనబడతారు. మిరప కోతలు లేని నెలల్లో చెరువు కట్టల మీద, బీళ్లలో సర్కారు తుమ్మ కొట్టి బట్టీలు పెడతారు. దాన్ని మా వైపు చిల్లచెట్టు అంటాం. బొగ్గు లారీ ఎక్కి ఊళ్లు దాటిపోతుంది. కుటుంబం ముందే బయానా తీసుకుని ఉంటుంది. లెక్క యజమాని పుస్తకంలో ఉంటుంది. ఎన్ని బట్టీలు కాల్చినా ఆ బాకీ తరగదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. అయినా పిల్లలు బడి మానేసి బట్టీ కాపలా ఉండడం నేను చూస్తూనే ఉన్నాను. హాజరు పట్టీలో ఆ నెలంతా గీతలే. ఆ పిల్లవాడికి పొగ రంగు చూసి బొగ్గు అయిందో లేదో చెప్పే విద్య వచ్చు. పదో తరగతికి వెళ్లేసరికి లోహశాస్త్రం పాఠం అతనికే అందరికంటే ముందు అర్థం కావాలి. అక్కడి దాకా చేరడు. ఆ విద్యకు మార్కులు లేవు, ఆ పనికి కూలీ లేదు.

ఇప్పటి ఇనుము ఎవరి కొండది

విశాఖ ఉక్కు కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఫ్యాక్టరీ ప్రకటన వచ్చింది. ఆ త్యాగం తెలుగువాళ్లందరిదీ. ఆ ఫ్యాక్టరీకి ముడిరాయి బైలదిల్లా నుంచి వచ్చింది. అది బస్తర్ ఆదివాసుల కొండ. 1968 నుంచి అక్కడ గని నడుస్తోంది. రాయి రైలెక్కి సముద్రం వైపు వస్తుంది. కొండ కింద వాగులు ఎర్రబడడం అక్కడే మిగులుతుంది.

మన వైపు చట్టం కొంత తోడుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వడం చెల్లదని తీర్పిచ్చింది. బయ్యారం ఇనుప రాయి గురించి ఎవరు మాట్లాడినా ఈ తీర్పు గుర్తు చేయాలి. అయితే గుంటూరు, ప్రకాశం మైదానంలోని యానాది, ఎరుకల, సుగాలీ పేటలు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. రేపు ఒంగోలు కొండల రాయిని తీయాలంటే మనకు ఆ తీర్పు రక్ష కాదు. మనకున్న రక్ష గ్రామసభలో, పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో నిలబడి ప్రశ్న అడగగల చదువు ఒక్కటే. ముడిరాయి నుంచి ఇనుము ఎలా వస్తుందో, దానికి ఎంత నీరు, ఎంత బొగ్గు, ఎంత మట్టి ఖర్చవుతుందో తెలిసినవాళ్లే ఆ ప్రశ్న అడగగలరు.

తోటి ఉపాధ్యాయులకు

ఈ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. వాన వెలిశాక పిల్లల్ని వాగుకు తీసుకెళ్లండి. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇసుకలో తిప్పించండి. అంటుకున్న నల్ల రవ్వను కాగితంలో పొట్లం కట్టించి తేదీ, వాగు పేరు రాయించండి. పొలాల్లో, పాత దిబ్బల మీద బుడగలతో బరువుగా ఉండే నల్లరాయి కనబడితే ఎక్కడ దొరికిందో రాయించండి. అది చిట్టెం కావచ్చు. అలాంటి దిబ్బలను తవ్వనివ్వకండి, ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలపండి.

ఆ తర్వాత బొగ్గు కాల్చిన పెద్దవాళ్లను బడికి పిలవండి. బెంచీ మీద కాదు, బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఏ కర్ర ఎంతసేపు కాలుతుంది, పొగ ఎప్పుడు మారుతుంది, కంత ఎప్పుడు మూయాలి అని పిల్లల చేత అడిగించండి. వాళ్లు వాడే మాటలను వాళ్ల నోట వచ్చినట్టే రాయించండి. క్షయకరణం అనే మాట బోర్డు మీద రాసేటప్పుడు, పక్కనే ఆ మాటలూ రాయండి.